దరఖాస్తు పెట్టుకుంటే ఆధార్ రోడ్డున పడాలా?

సంపాదకులకు,

సర్కారు సాయం అడిగేవాడికి తన వివరాల మీద అంత బెంగ దేనికని గత సంచికలో వ్యాసకర్త ఈసడించారు. 2024 జనవరిలో హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద జరిగింది ఆయన మరిచినట్టున్నారు.

డేటా ఎంట్రీకని బైకు మీద తీసుకెళ్తున్న అట్టపెట్టె ఊడి, తెలంగాణ సర్కారు పథకాల కోసం జనం నింపిన ప్రజాపాలన దరఖాస్తులు గాలికెగిరి రోడ్డంతా పరుచుకున్నాయి. ఒక్కో ఫారంలో ఫోన్ నంబరు, ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు, గ్యాస్ కనెక్షన్ వివరాలు. చేయూత పింఛను దగ్గరైతే వితంతువా, ఒంటరి మహిళా, డయాలసిస్ బాధితులా, ఎయిడ్స్ బాధితులా అని టిక్కు పెట్టే గడులు కూడా. తోబుట్టువులకే చెప్పుకోని జబ్బును ఆ కాగితం మీద రాయించుకున్నది సర్కారే!

పది రోజుల్లో కోటీ పాతిక లక్షల దరఖాస్తులొస్తే డేటా ఎంట్రీ బయటివాళ్లకు ఇవ్వక తప్పదు, నిజమే. సబ్సిడీల కోసం ప్రభుత్వం విడిగా సమ్మతి అడగనక్కర్లేదని 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా అంటోంది. వ్యాసకర్త అక్కడే ఆగిపోయారు. డేటాను భద్రంగా ఉంచాల్సిన పూచీ, పని ఎవరికి అప్పగించినా, ఆ వివరాలు తీసుకున్నవారిదేనని అదే చట్టంలో 8వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం కింద నిబంధనలు 2025 నవంబరుకు గానీ వెలువడలేదన్నది వేరే సంగతి.

హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) బాధ్యులైన అధికారులను సస్పెండ్ చేసింది. సరే, ఎవరి ఫారాలు ఎగిరాయో వాళ్లకు ఒక్క ఎస్సెమ్మెస్ అయినా వెళ్లిందా? వ్యాసకర్త కాస్త కనుక్కుని రాయాల్సింది.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి