తాబేలు డేటు ఇవ్వదు

సింగపూర్ టికెట్ల రేట్లు చూస్తుంటే అక్క ఫోన్ చేసింది. "సముద్రం జంతువుల్ని చూపిస్తానని పిల్లకి మాటిచ్చావట, రోజూ నా ప్రాణం తీస్తోంది, ఎప్పుడెళ్తున్నాం?" అని. మాటిచ్చింది నిజమే. సెంటోసాలో అద్దాల గోడ వెనక సముద్రాన్ని బంధించినట్టుండే పెద్ద అక్వేరియం ఉంది కదా, అమ్మానాన్నల్నీ, అక్కనీ, మేనకోడల్నీ అక్కడికి తీసుకెళ్దామని నా ప్లాను. టికెట్టు, హోటలు, లీవు అన్నీ మూడు నెలల ముందే ఖాయం. మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఇంతకన్నా సుఖం ఏముంటుంది?

కానీ ఇప్పుడు ఆ ప్లాను వెనక్కి తోశాను. ముందు ఋషికుల్య, తరవాతే సింగపూర్.

మాది పాతపట్నం. ఒడిశా బోర్డరు మా ఊరి పక్కనే, పర్లాకిమిడి మాకు ఇంకో వీధి లాంటిది. టెక్కలి వచ్చి హైవే ఎక్కి, పలాస, ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం దాటితే గంజాం. కారులో నాలుగైదు గంటలు. అక్కడ ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు లక్షల్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కోటి వంద పైచిలుకు గుడ్లు. ప్రపంచంలో ఇలా జరిగే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా ఇంట్లో ఒక్కరూ చూడలేదు! పెళ్ళిళ్ళకి బరంపురం దాకా వెళ్ళి పట్టుచీరలు కొనుక్కుని వెనక్కొచ్చేసిన బ్యాచి మాది.

చిక్కల్లా ఏంటంటే తాబేలు డేటు ఇవ్వదు. 2023లో 6 లక్షలకి పైగా వచ్చాయి. 2024లో అంత పెద్ద గుంపు అసలు రానే లేదు. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ 6 లక్షలు దాటాయి. గాలి, అల, ఇసక వాలు, ఇవన్నీ వాటికి నచ్చాలి. ఫిబ్రవరి 20కి లీవు పెట్టుకుని, ఫ్లైటు బుక్ చేసుకుని వెళ్తే ఖాళీ ఇసక చూసి రావాల్సి రావచ్చు.

అయితే ఇందులో ఓ కిటుకుంది. గుడ్లు పెట్టే రోజు మన చేతిలో లేదు గానీ, పెట్టాక పిల్లలు బయటికి రావడానికి పట్టే కాలం దాదాపు తెలుసు, 45 నుంచి 60 రోజులు. అంటే గుడ్లు పెట్టిన వార్త పేపర్లో వచ్చాక తీరిగ్గా లెక్కేసుకుని లీవు పెట్టొచ్చు. నన్నడిగితే ఫామిలీతో వెళ్ళాల్సింది పిల్లలు పుట్టే రోజులకే. గుడ్లు పెట్టే రాత్రి మన లాంటి గుంపులు టార్చిలైట్లు, సెల్‌ఫోన్ ఫ్లాషులు పట్టుకుని వెళ్తే, ఒడ్డెక్కబోయిన తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోయే ప్రమాదముంది. పిల్లలతోనూ ఆ జాగ్రత్త తప్పదనుకోండి. అవి వెలుతురున్న వైపే నడుస్తాయి, మన లైటు చూసి సముద్రం అనుకుంటాయి. కానీ తెల్లవారుతుండగా వెళ్తే లైటు అవసరమే లేదు. ఫారెస్టు వాళ్ళు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలి. సెల్ఫీ కోసం పిల్లని చేత్తో ఎత్తకూడదు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువది, పులితో సమానం.

(డాల్ఫిన్లంటారా, చిలికాలో సాతపాడా దగ్గర ఇరావతి డాల్ఫిన్లున్నాయి, అది ఇంకో ట్రిప్పు. గంతులేయించే డాల్ఫిన్ షోలకి అనుమతి లేదని కేంద్రం 2013లోనే చెప్పేసింది. మంచి పని చేసింది.)

ఇదంతా చెప్తే అమ్మ, "ఏటిరా, తాబేలుని సూడ్డానికి అంత దూరం ఎల్లాలా? శ్రీకూర్మం ఎల్తే సాలదేటి?" అంది :)

నిజానికి నన్ను పట్టి కుదిపింది ఆ మాటే. శ్రీకూర్మంలో విష్ణుమూర్తిని తాబేలు రూపంలో కొలుస్తాం, గుళ్ళో తిరిగే నక్షత్ర తాబేళ్ళకి ఆకులు పెట్టి దణ్ణం పెడతాం. అదే జిల్లాలో కళింగపట్నం బీచిలో పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను మూడు చచ్చిన తాబేళ్ళని చూశాను. జనం ముక్కు మూసుకుని పక్కనుంచి నడిచి పోతున్నారు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు, ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. వలలో చిన్న కిటికీ లాంటి పరికరం పెడితే తాబేలు తప్పించుకుంటుంది, కొంచెం చేపా పోతుంది, అందుకే పెట్టరు. ఒడిశాలో ఋషికుల్య ముందు సముద్రంలో నవంబరు నుంచి మే దాకా చేపల వేట నిషేధం. మన దగ్గర నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి తాబేళ్ళు గుడ్లు పెట్టడం దాదాపు అయిపోతుంది. జనవరిలో ఇచ్ఛాపురం దాటి కిందకొచ్చిన తాబేలుకి ఏ రక్షణ ఉన్నట్టు? వేట ఆపేస్తే మత్స్యకారుల పూట గడవదు, నిజమే. ఏప్రిల్ నిషేధానికి ఇచ్చినట్టే ఆ నెలలకీ భృతి ఇచ్చి, తీరానికి దగ్గరగా ట్రాలర్లని మాత్రం ఆపొచ్చు కదా. అడిగేవాళ్ళు లేరు. ఎందుకు లేరంటే మాలాంటి వాళ్ళం బతికున్న తాబేలుని సముద్రపు ఒడ్డున ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు కాబట్టి.

ఒక్క సంగతి దాచకూడదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. సింగపూర్లో వీల్‌చైరు దొరుకుతుంది, బాత్రూములు దొరుకుతాయి. ఋషికుల్యలో ఇసకే ఇసక. అందుకే రాత్రికి బరంపురంలో గది, మడత కుర్చీ ఒకటి, నాన్నకి ఫ్లాస్కులో టీ, తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరడం, ఇదీ ప్లాను. అమ్మ ఒప్పుకుంది గానీ, ముందురోజు శ్రీకూర్మం వెళ్ళి దర్శనం చేసుకున్నాకే ఉత్తరానికి బండి తిప్పాలని షరతు పెట్టింది. మేనకోడలు అప్పుడే స్కూల్లో అందరికీ చెప్పేసింది. లీవు మాత్రం ఇంకా పెట్టలేదు, పేపరు చూస్తున్నాను.