దొంగ ఇంట్లో... పోలీసు వీధిలో!

నెల్లాళ్లుగా వదలని దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. ఆకలి లేదు, బరువు తగ్గుతోంది. డాక్టరు చీటీ రాసిస్తాడు. ల్యాబ్‌లో కాస్త రక్తం తీసుకుంటారు. రిపోర్టు వస్తుంది. 'టీబీ ఐజీజీ... పాజిటివ్'. ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. ఆర్నెల్ల మందులు మొదలవుతాయి. తీరా చూస్తే ఆ మనిషికి క్షయే లేదు!

ఇంకో ఇంట్లోనూ అదే దగ్గు, అదే పరీక్ష. ఈసారి 'నెగెటివ్'. హమ్మయ్య అనుకుంటారు. కానీ అతని ఊపిరితిత్తుల్లో క్షయ పెరుగుతూనే ఉంటుంది. పక్కలో పడుకునే పిల్లలకు అంటుకుంటూనే ఉంటుంది.

కొన్నేళ్ల కిందటి దాకా మనదేశంలో ఇలాంటి రక్తపరీక్షలు ఏటా 15 లక్షల దాకా జరిగేవని అంచనా. వాటికయ్యే ఖర్చు దాదాపు కోటిన్నర డాలర్లు. చాలావరకూ ప్రైవేటు ల్యాబుల్లో, జనం సొంత జేబుల్లోంచి పెట్టిందే. చివరికి 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఈ పరీక్షలతో క్షయను నిర్ధరించొద్దు' అని గట్టిగా చెప్పింది. ఆ కిట్లలో ఎక్కువభాగం ఐరోపా, ఉత్తర అమెరికాల్లో తయారైనవే. గుర్తింపు ఉన్న ఏ నియంత్రణ సంస్థా వాటిని ఆమోదించలేదు. అమ్ముకోవడానికి మాత్రం మనలాంటి దేశాలు కావాల్సి వచ్చాయి! 2012లో మన ప్రభుత్వం వాటి తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది.

తప్పు ల్యాబ్ కుర్రాడిది కాదు. అసలు ఆ పరీక్ష వెతికేది క్షయ క్రిమిని కాదు. దాని మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను. చిక్కంతా అక్కడే.

యాంటీబాడీలంటే రక్తంలో గస్తీ తిరిగే పోలీసులు. డిఫ్తీరియా విషాన్నయినా, ధనుర్వాతం విషాన్నయినా వీధిలోనే పట్టేస్తాయి. క్షయ క్రిమి వీధిలో తిరిగే రకం కాదు. ఊపిరితిత్తుల్లోకి రాగానే దాన్ని మాక్రోఫేజ్ అనే కణం మింగేస్తుంది. మింగిన క్రిమిని ఆమ్లపు సంచిలో వేసి అరిగించుకోవడం ఆ కణం పని. ఈ క్రిమి అలా జరగనివ్వదు. సంచి తన దగ్గరికి రాకుండా అడ్డుపడుతుంది. తనను తినబోయినవాడి పొట్టలోనే కాపురం పెడుతుంది! దొంగ ఇంట్లో దూరి తలుపేసుకుంటే వీధిలోని పోలీసు ఏం చేస్తాడు?

పైగా ప్రపంచ జనాభాలో పావు వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. మిగతావాళ్ల రక్తంలోనూ యాంటీబాడీలు ఉండొచ్చు. అసలైన రోగిలో చాలినన్ని లేకపోవచ్చు. ఇక పరీక్ష ఏం తేలుస్తుంది?

యాంటీబాడీలతో క్షయను నయం చేయాలన్న ఆశ కూడా పాతదే. 1890లో జర్మనీలో బేరింగ్, కిటసాటో కలిసి డిఫ్తీరియా, ధనుర్వాతాలకు సీరం వైద్యం కనిపెట్టారు. 1901లో బేరింగ్‌కు వైద్యంలో తొట్టతొలి నోబెల్ వచ్చింది. అదే దారిలో ఇటలీలో మరాలియానో, పారిస్‌లో మార్మొరెక్ క్షయకూ సీరం తయారుచేశారు. కొందరికి గుణమన్నారు, కొందరికి లేదన్నారు. నమ్మకం నిలవలేదు.

తర్వాత చూపంతా 'టి' కణాల మీదికి మళ్లింది. ఏ ఇంట్లో దొంగ ఉన్నాడో పసిగట్టి, ఆ ఇంటివాడికే బలమిచ్చేవి అవి. హెచ్ఐవీ సోకి ఈ కణాలు తగ్గిపోయినవారిని క్షయ తేలిగ్గా పట్టేస్తుంది. పుట్టిన బిడ్డకు వేసే బీసీజీ టీకా కూడా ముఖ్యంగా ఈ కణాలకే పాఠం చెబుతుంది. మనదేశంలో 1948లో బీసీజీ మొదలైన తొలి చోట్లలో మన మదనపల్లె ఒకటి. పసిపిల్లలను మెదడు క్షయ నుంచి కాపాడటంలో ఆ టీకా దిట్టే. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఒక్క 2023లోనే ప్రపంచంలో కోటీ 8 లక్షల మందికి క్షయ వచ్చింది. అందులో 26 శాతం మనవాళ్లే.

ఇక పోలీసును ఉద్యోగం నుంచి తీసేసినట్టేనా? 2016లో బోస్టన్ పరిశోధకులు ఓ సంగతి బయటపెట్టారు. క్రిమి సోకినా జబ్బు పడనివారి యాంటీబాడీలను, రోగుల యాంటీబాడీలను పక్కపక్కన పెట్టి చూశారు. యాంటీబాడీ 'వై' అక్షరంలా ఉంటుంది. రెండు చేతులు క్రిమిని పట్టుకుంటాయి, తోక మాక్రోఫేజ్‌కు కబురందిస్తుంది. ఆ తోకకు అంటుకుని ఉండే చక్కెర అణువుల అమరికలోనే తేడా! జబ్బు పడనివారి యాంటీబాడీలు తోడుంటే మాక్రోఫేజ్ ఆమ్లపు సంచిని క్రిమి దగ్గరికి చేర్చగలిగింది, చంపగలిగింది. పోలీసు లోపలికి వెళ్లక్కర్లేదన్నమాట. ఇంటాయన్ని నిద్రలేపితే చాలు.

మరుసటి ఏడాది బీజింగ్ పరిశోధకులు ఆస్పత్రి సిబ్బంది మీద దృష్టి పెట్టారు. రోజూ క్షయ రోగుల మధ్య పనిచేస్తూ కూడా జబ్బు పడనివారు వాళ్లు. వారిలో కొందరి యాంటీబాడీలను చిట్టెలుకలకు ఎక్కిస్తే క్రిములు తగ్గాయి. 2019లో ఉగాండా నుంచి ఇంకో కబురు. రోగితో ఒకే ఇంట్లో ఉంటున్నా, ఏళ్లు గడిచినా కొందరికి క్షయ చర్మపరీక్షలో ఏమీ తేలలేదు. రక్తంలో చూస్తే క్షయ యాంటీబాడీలు ఉన్నాయి! క్రిమి వాళ్లనూ పలకరించే ఉంటుందన్నమాట. వాళ్లను కాపాడింది యాంటీబాడీలేనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఎలుకలో పనిచేసినవన్నీ మనిషిలో పనిచేస్తే క్షయ ఎప్పుడో పోయేది.

ఇదంతా పరిశోధనశాలల్లో సంగతి. ఇంట్లో దగ్గుతున్న మనిషికి ఇవాళ పనికొచ్చేది కళ్లె పరీక్షే. సర్కారు దవాఖానాల్లో ఉచితం. సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలైతే క్రిమి జన్యువును నేరుగా పట్టేస్తాయి. రిఫాంపిసిన్ మందుకు లొంగే రకమో కాదో కూడా చెప్పేస్తాయి. ఇగ్రా అనే రక్తపరీక్ష ఒకటుంది. అది చూసేది టి కణాలను. క్రిమి సోకిందో లేదో చెబుతుంది గానీ జబ్బు ఉందో లేదో చెప్పలేదు.

రెండు వారాలు దాటిన దగ్గుంటే కళ్లె ఇవ్వడానికి వెళ్లాలి. పొద్దున్నే తీసింది మేలు. నోరు మంచినీళ్లతో పుక్కిలించి, రెండు మూడు సార్లు గట్టిగా గాలి పీల్చి, ఛాతీ లోతుల్లోంచి దగ్గి తీయాలి. డబ్బా నిండాలని ఉమ్మి పోసి తెస్తుంటారు కొందరు. అందులో క్రిమి దొరకదు.