జనసందోహమే విజయమా?

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు కొద్ది నిమిషాల ముందు ఒక వింత దృశ్యం కనబడుతుంది. అంతవరకు గదులన్నింటా తిరుగుతున్న సందర్శకులు ఒక్కసారిగా సంగీత గడియారం వద్దకు చేరుకుంటారు. కూర్చోవడానికి చోటు దొరకనివారు గోడల వెంట నిలబడతారు. పసిపిల్లలు తండ్రుల భుజాలెక్కుతారు. గడియారంలో నుండి గడ్డపు బొమ్మ ఒకటి బయటకు వచ్చి, గంట మోగించి, లోపలికి వెళ్లిపోతుంది. జనం కూడా అంతే వేగంగా చెదరిపోతారు. అదే మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన 'మేలిముసుగు రెబెకా' ఉన్నది. పాలరాతి ముసుగులో నుండి పాలరాతి ముఖం కనబడేటట్లు చేసిన ఆ చేతి నేర్పును చూస్తూ ఎవరైనా పది నిమిషాలు నిలిచిపోగా నేను చూడలేదు.

సంవత్సరాంతంలో నివేదిక వ్రాయడానికి కూర్చున్న మ్యూజియం సంచాలకుని తలచుకొన్నప్పుడల్లా నాకీ దృశ్యమే గుర్తుకు వస్తుంది. ఈ ఏడు ఎన్ని ప్రదర్శనలు ఏర్పాటు చేశాము, ఎందరు వచ్చారు, టిక్కెట్లపై ఎంత ఆదాయం లభించింది అన్నవే ఆయన ముందున్న ప్రశ్నలు. అంకెలు పెరిగితే అది మంచి సంవత్సరం. ఈ లెక్కను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. ప్రజాధనంతో నడిచే సంస్థ ప్రజలకు జవాబు చెప్పవలసిందే. తాళం వేసిన గదిలో దుమ్ము పట్టే నిధి కంటే జనం త్రొక్కిడి నూరు రెట్లు మేలు. అయితే ఆ లెక్క సగం లెక్క మాత్రమే.

ఈజిప్టు రాజు టుటన్‌కామన్ సమాధి బయల్పడి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1972లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ఆ సమాధి వస్తువులను ప్రదర్శించింది. పదహారు లక్షలకు పైగా జనం వచ్చారు. గంటల తరబడి వీధుల్లో వరుసలు కట్టి నిలబడ్డారు. అటువంటి మహాప్రదర్శన తమ మ్యూజియంలో కూడా ఒకటి జరగాలన్న కోరిక ప్రపంచమంతటా సంచాలకులకు అప్పటి నుండి బలపడింది. కాని ఆ ప్రదర్శన గురించి చెప్పుకొనేవారు తరచుగా ఒక విషయం మరచిపోతారు. దానిపై మిగిలిన ధనాన్ని నైలు నదిలో మునిగిపోతున్న ఫిలే దేవాలయాలను రక్షించే కార్యానికి ఇచ్చారు. ఆ ఆలయాలను రాయి రాయిగా విడదీసి మరొక ద్వీపంలో తిరిగి నిలబెట్టారు. వరుసల్లో నిలబడినవారి సంఖ్య కంటే నన్ను ఈ సంగతే ఎక్కువగా ఆకట్టుకొంటుంది.

సందర్శకునికి తెలియనిదీ, సంచాలకుడు మరువరానిదీ మరొకటి ఉన్నది. ప్రదర్శించడమంటే కొంత ఖర్చు చేయడమే. రాతికి, లోహానికి వెలుతురు వల్ల చెప్పుకోదగిన హాని లేదు. కాగితం, నూలు, పట్టు, నీటిరంగుల సంగతి వేరు. వాటిపై పడిన ప్రతి కిరణమూ కొంత రంగును హరిస్తుంది. ఆ నష్టం పోగుపడుతుందే కాని తీరదు. వెలిసిన రంగును మునుపటివలె తిరిగి తెచ్చే విద్య ఏదీ లేదు. అందుకే వెలుతురును కొలిచే ప్రమాణంలో సుమారు 50 లక్స్‌కు మించని మసక కాంతిలో వాటిని ఉంచుతారు. కొన్ని నెలల తరువాత చీకటి గదికి చేర్చి విశ్రాంతినిస్తారు. కోరమండల్ తీరంలో తయారైన పాత కలంకారీ వస్త్రాలలో ఆకులు నీలంగా ఉండడం మీరు గమనించే ఉంటారు. అది చిత్రకారుని ఊహ కాదు. నీలిమందుపై పసుపు వన్నె పూసి వారు ఆకుపచ్చను సాధించారు. కాలక్రమంలో పసుపు వెలిసిపోయి నీలం మాత్రం మిగిలింది. ఆ పసుపును మనకంటే ముందు తరాలు చూసి అనుభవించాయి. మిగిలిన నీలాన్ని, ఎరుపును ఎంత పొదుపుగా వాడాలన్నది ఇప్పుడు మన చేతిలో ఉన్నది.

2019లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం లియొనార్డో డావించీ ఐదువందల వర్ధంతి ప్రదర్శన జరిపినప్పుడు వెనిస్ నుండి ఆయన గీసిన 'విట్రూవియన్ మనిషి' చిత్రాన్ని ఎరువు తెచ్చుకొన్నది. కాగితంపై సిరాతో గీసిన ఆ చిత్రాన్ని పంపరాదని ఇటలీలో కొందరు న్యాయస్థానానికి వెళ్లారు. చివరకు ఎనిమిది వారాలకు మాత్రమే దానిని పంపారు. ప్రదర్శనకు పది లక్షలకు పైగా జనం వచ్చారు. వ్యాజ్యం వేసినవారిని ఛాందసులని కొట్టివేయడం సులభం. నేను మాత్రం అట్లా అనలేను. వద్దని అనేవాడు ఒక్కడైనా లేని మ్యూజియం క్షేమకరం కాదు.

2023లో ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియం వెర్మీర్ చిత్రాలను ఇరవై ఎనిమిదింటిని ఒకచోట చేర్చింది. ఆయన చిత్రాలుగా గుర్తించినవి మొత్తం సుమారు ముప్పది ఏడు మాత్రమే. జనం ఎగబడ్డారు. అయినా ప్రతివారికీ చిత్రం ఎదుట నిలబడే చోటు దొరకాలని టిక్కెట్లను పరిమితం చేశారు. ఆరున్నర లక్షల మంది చూశారు. టిక్కెట్లు దొరకక నిరాశపడినవారూ అనేకులు. వారి బాధ న్యాయమైనదే. అయినా, వచ్చే జనాన్ని తానే తగ్గించుకొన్న సంచాలకుని ధైర్యానికి నేను తల వంచుతాను.

ఇక మన నేల సంగతి. అదే 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 'వృక్షము - సర్పము' అన్న పేరుతో ప్రాచీన భారత బౌద్ధశిల్పాల ప్రదర్శన ఏర్పాటు చేసింది. అమరావతి శిల్పాలతో పాటు నేటి సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి శిల్పాలు కూడా అక్కడ కొలువుతీరాయి. పాముపడగను పేరులోనే నిలుపుకొన్న ఆ గ్రామానికి అది తగిన వేదికే. ప్రదర్శన ఆ పిదప కొరియా రాజధాని సియోల్‌కు తరలింది. తెలుగువారందరం సంతోషించాము. సంతోషించవలసిందే. ఒకప్పుడు అమరావతిలో ఇటువంటి పలకలనే ఇళ్ల కట్టడాలకు తరలించారు, కొన్నింటిని సున్నానికి కాల్చుకొన్నారు. మిగిలినవాటిలో అనేకం చెన్నైకి, లండన్‌కు తరలిపోయాయి.

కాని విదేశాలకు వెళ్లివచ్చిన శిల్పం స్వదేశంలో ఏ గదిలో నిలిచింది? దాని ప్రక్కన తెలుగులో నాలుగు మాటలు వ్రాసి పెట్టారా? ఫణిగిరి బడిపిల్లలు తమ ఊరి కొండ మీది తోరణాన్ని చూడడానికి ఎవరైనా ఒక బస్సు ఏర్పాటు చేశారా? సంచాలకుని నివేదికలో ఈ ప్రశ్నలకు గడులు ఉండవు. వాటిని గీయించవలసినది ఆయన పై అధికారులు కాదు. ఆయనే గీసుకోవాలి. ఈ ఏడు చీకటి గదిలో విశ్రమించిన వస్త్రాలు ఎన్ని, మరమ్మతుకు నోచుకొన్న తాళపత్రాలు ఎన్ని అన్న గడులు కూడా వాటి ప్రక్కనే ఉండాలి. వాటిలో కొన్ని మొదటి ఏడాది ఖాళీగానే ఉండవచ్చు.