పక్షులను చూడమన్నది ప్రభువే!

ప్రకృతి యాత్రలు, పక్షుల పరిశీలన చదువుకున్నవాళ్ల కాలక్షేపమని, వాటితో విశ్వాసికి పనిలేదని మనలో చాలామంది అనుకుంటారు. కాని రేపటిని గురించి దిగులుపడే జనానికి ధైర్యం చెబుతూ ప్రభువు చూపించినది ఆకాశపక్షులను, పొలంలోని పువ్వులను (మత్తయి 6:26-30). ఆ వాక్యం మీద ఎన్నో ప్రసంగాలు చేశాం, విన్నాం. పక్షులను మాత్రం చూడలేదు.

చూసేవాళ్లున్నారు. 1980లో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తోంది. ఆసక్తి ఉన్నవారిని చెరువుల దగ్గరికి, అడవుల్లోకి తీసుకెళ్లి పక్షులను గుర్తుపట్టడం నేర్పుతోంది. తెల్లవారుజామునే లేచి, మౌనంగా నిలబడి, ఒక చిన్న ప్రాణికోసం ఓపికగా ఎదురుచూడటం మన ప్రార్థనాజీవితానికీ అవసరమైన పాఠమే!

చాపాడు, మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతాల వాళ్లం ఇందుకోసం దూరం వెళ్లనక్కరలేదు. మన జిల్లాలోని లంకమల కొండల దిగువ చిట్టడవి కలివికోడికి నిలయం. ప్రపంచంలోకెల్లా అరుదైన పక్షుల్లో ఇదొకటి. 1848లో జెర్డన్ అనే వైద్యుని ద్వారా ఇది లోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర దీన్ని చూసి నమోదు చేసిందెవరో తెలుసా? లండన్ మిషన్‌కు చెందిన మిషనరీ హోవార్డ్ కాంప్‌బెల్! జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి పేరుగా నిలిచిన డాక్టర్ కాంప్‌బెల్ ఆయన సోదరుడే. సువార్త పనికి, సృష్టిని శ్రద్ధగా చూడటానికి మధ్య ఆయన గోడ కట్టుకోలేదు.

ఆ తర్వాత 86 ఏళ్లు కనబడని ఆ పక్షి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కృషితో మన జిల్లాలోనే మళ్లీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది మాత్రం అడవి తెలిసిన పల్లెవాసులే. పుస్తకాలు పోయిందన్న పక్షిని మన పల్లెలు మరచిపోలేదు. మళ్లీ చాలా ఏళ్లు జాడ తెలియలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు.

‘మనుషులకే నీళ్లు కరువైన సీమలో పిట్టల గొడవెందుకు?’ అని సంఘపెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి నివాసం మీదికి వచ్చినప్పుడూ ఈ ప్రశ్నే ఎదురైంది. కాలువను రద్దు చేయలేదు, దారి మార్చారు. పైగా ఆ పక్షికి మరీ దట్టమైన పొదలూ పనికిరావు, అన్నీ నరికేసిన బీడూ పనికిరాదు. మితంగా మేకలు, గొర్రెలు మేసే చిట్టడవే దానికి అనుకూలమని పరిశోధకులు తేల్చారు. అంటే పేదవాని మేక దాని శత్రువు కాదు, మితిమీరిన ఆశే శత్రువు. గూటిలో పక్షి దొరికితే పిల్లలను తీసుకున్నా తల్లిని విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (ద్వితీ. 22:6,7). అవసరం తీర్చుకోవచ్చు గాని వంశాన్నే తుడిచిపెట్టకూడదన్నది అందులోని పాఠం.

‘ఆత్మల రక్షణే మన పని, ఇవన్నీ ఎందుకు?’ అనేవారూ ఉన్నారు. అయితే పాపం లోకంలోకి రాకముందే మనిషికి దేవుడప్పగించిన పని తోటను సేద్యపరచి కాపాడటం (ఆది. 2:15). అదే అధ్యాయంలో ఆదాము జంతువులకు, పక్షులకు పేర్లు పెట్టడం గురించీ ఉంది. మన పిల్లలకు సెల్‌ఫోన్ల పేర్లన్నీ తెలుసు. కేసీ కాలువ గట్టుమీద వాలే పక్షుల్లో పదింటి పేర్లు చెప్పగలరా? పేరు తెలియనిది పోయినా పోయిందని తెలియదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అందుకే సంఘాలకు మేమిచ్చే సలహా ఇది. వేసవి బైబిల్ పాఠశాలలో ఒక ఉదయాన్ని ఆరుబయటికి కేటాయించండి. పిల్లలను కాలువ గట్టుకో, చెరువు దగ్గరికో నడిపించండి. సైన్సు టీచరునో, అనుభవమున్న గొర్రెల కాపరినో వెంట తీసుకెళ్లండి. చూసిన ప్రతి పక్షి పేరూ పుస్తకంలో రాయించండి. గూళ్లు ముట్టుకోనివ్వకండి, ప్లాస్టిక్ పారేయనివ్వకండి. లంకమల అభయారణ్యానికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. కలివికోడి కోసం రాత్రివేళ గాలించి దాన్ని బెదరగొట్టకండి. అది కనబడకపోయినా పర్వాలేదు, బతికి ఉంటే చాలు.

కాసుకు అమ్ముడుపోయే పిచ్చుకను సైతం తండ్రి మరువడని ప్రభువు చెప్పాడు. తండ్రి మరువనిదాన్ని పిల్లలం మరచిపోవడం తగునా?