పసివాళ్ళను చూసే ఇంటికి ఖర్జె హసనా

పొద్దున్నే పనికి వెళ్ళే తల్లి తన పసిబిడ్డను ఎవరి దగ్గర వదిలి వెళుతోంది? మన బస్తీల్లో చాలా ఇళ్ళ జవాబు ఒకటే: ఎనిమిదేళ్ళ అక్క దగ్గర. ఆ అక్క బడి మానేస్తుంది. అక్క లేని చోట, గల్లీలోని ఏ ఖాలా అయినా నలుగురైదుగురు పిల్లలను చేరదీసి, తల్లులిచ్చే కొద్దిపాటి డబ్బుతో సాకుతుంది.

అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి. వాటి మేలును కాదనలేం. కాని అవి సాధారణంగా సాయంత్రం దాకా తెరిచి ఉండవు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలున్న కర్మాగారంలో శిశుసంరక్షణ గది ఉండాలంది. 2017 నాటి ప్రసూతి చట్ట సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలపై ఆ బాధ్యత పెట్టింది. నిజామాబాద్‌లో పసిబిడ్డను పక్కనే పడుకోబెట్టుకుని పొగాకు దుమ్ములో బీడీలు చుట్టే తల్లికి, పాతబస్తీలో జర్దోజీ కుట్టే తల్లికి, ఇళ్ళలో పాచిపని చేసే తల్లికి వీటివల్ల ఒరిగింది లేదు.

ఈ విషయంలో అహ్మదాబాద్ స్త్రీల అనుభవం గమనించదగినది. ఇలా భట్ 1972లో స్థాపించిన 'సేవా' సంఘంలోని పేద స్త్రీలకు బ్యాంకులు అప్పివ్వలేదు. 1974లో 4,000 మంది తలా 10 రూపాయలు వేసి సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. ఆ సంఘమే ఖేడా జిల్లాలో పొగాకు కూలీల బిడ్డలకు సంరక్షణ కేంద్రాలు నడిపింది. ఆ బ్యాంకు వడ్డీ తీసుకునేదే. ఆ భాగం మనకు వద్దు. తలా పది రూపాయలు వేసుకున్న భాగం చాలు.

మనకూ బైతుల్‌మాల్‌లున్నాయి, వడ్డీలేని అప్పులిచ్చే సంఘాలున్నాయి. ఆటో కొనే కుర్రాడికి, పండ్ల బండి పెట్టేవాడికి ఇస్తారు, సంతోషమే. పిల్లలను చూసే స్త్రీ అడిగితే మాత్రం "అదీ ఒక వ్యాపారమేనా?" అని నవ్విన పెద్దలను మేము చూశాం. ఆమె తలుపు మూస్తే ఆ రోజు ఎన్ని ఇళ్ళ కూలి పోతుందో వారు లెక్క వేయలేదు.

ఆమెకు కావలసింది పెద్ద మొత్తం కాదు. పక్క గదికి అడ్వాన్సు, చాపలు, మరుగుదొడ్డికి తలుపు, పొయ్యి పిల్లలకు అందకుండా అడ్డు, తోడుగా మరొక మనిషికి కొన్ని నెలల జీతం. ఈ చివరిది ముఖ్యం. పిల్లలు పెరిగి, చూసే చేతులు పెరగకపోతే ఆ అప్పు బిడ్డలకే కీడు. కమిటీ డబ్బు ఇచ్చే ముందు ఆ గదిని, ఆ రెండో మనిషిని చూసి రావాలి. ఈ పని మగవాళ్ళకంటే మొహల్లా స్త్రీలే బాగా చేయగలరు.

కొత్త గది నిండడానికి కొంత కాలం పడుతుంది. మొదటి నెల నుంచే కిస్తీ అడిగితే ఆమె నగలు కుదువపెట్టే దుకాణానికే వెళుతుంది. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 280వ ఆయత్‌లోను, అప్పును రాసుకోమని 282వ ఆయత్‌లోను ఆదేశించింది. మన కమిటీలు కొన్ని రెండోదాన్ని మరచి నోటిమాటగా ఇస్తాయి. మొదటిదాన్ని మరచి జుమా నమాజు తర్వాత నలుగురిలో నిలదీస్తాయి.

ఈ జుమా నాడు మీ మొహల్లాలో పిల్లలను చూస్తున్న ఇళ్ళెన్నో కమిటీని అడగండి. బహుశా ఆ లెక్క వారి దగ్గర ఉండదు. ఇంట్లో ఆడవాళ్ళను అడిగితే పేర్లతో సహా చెబుతారు.