అరికాలిలో చక్రము

ఆర్సెనల్ జట్టు అభిమానులు నలుగురు కూడినచోట నికొలా అనెల్కా పేరు వచ్చినచో వాదము తప్పదు. అతడు ఆ జట్టును విడిచినది 1999లో. ఆటనుండి విరమించియు ఏండ్లు గడచినవి. ఐనను ఆ వాదము చల్లారలేదు. అంతటి వేగము మరల కానరాదని ఒకరందురు. ఆ వేగముతోనే మనలను విడిచిపోయినాడు గదా యని వేరొకరు నిష్ఠురములాడుదురు.

1979లో జన్మించిన ఈ ఫ్రెంచి బాలుని ఆర్సెనల్ వారు 1997లో సుమారు 5 లక్షల పౌన్లకు తెచ్చుకొనిరి. మరుసటి యేడు ఆ జట్టు లీగును, ఎఫ్.ఎ. కప్పును రెంటిని గెలిచెను. న్యూకాసిల్‌తో జరిగిన కప్పు ఫైనలులో రెండవ గోలు ఇతనిదే. 1998-99 లీగులో 17 గోళ్లు చేసి, ఆ యేటి ఉత్తమ యువక్రీడాకారు డనిపించుకొనెను. ఇరువదియేండ్లకే 2 కోట్ల 20 లక్షల పౌన్లకు పైబడిన వెలకు రియల్ మాడ్రిడ్ చేరెను. అటుపిమ్మట పారిస్, లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ, ఫెనర్‌బాచె, బోల్టన్, చెల్సీ, షాంఘై, యువెంటస్, వెస్ట్ బ్రామ్. తుదకు 2014లో మన ముంబయి! అరికాలిలో చక్రమున్నదని మన ముసలమ్మలు ఇట్టివారిని గూర్చియే యందురు.

అభిమానుల కోపమునకు ఆజ్యము పోసినవాడు తియెరీ హెన్రీ. అనెల్కా పోయిన సమయముననే వచ్చిన ఈ యువకుడు 228 గోళ్లు చేసి, కంచువిగ్రహమునకు నోచుకొన్నాడు. ఒకే దేశమువారు, ఒకే శిక్షణాలయమున పెరిగినవారు. ఒకడు నిలిచెను, ఒకడు నిలువలేదు. పోలిక చక్కగనే యున్నది. కాని హెన్రీయు 2007లో బార్సిలోనాకు వెళ్లినవాడే యని ఎవరును జ్ఞాపకముంచుకొనరు. అతడు చిరకాలము వేచి 2009లో పొందిన ఐరోపా విజేతల కప్పును అనెల్కా మాడ్రిడ్‌లో తొలియేటనే, 2000లో, ముద్దాడెను.

అట్లని అతని తప్పులను కప్పిపుచ్చ నేల? ఆ 2000లోనే అభ్యాసమునకు రానని మొండికెత్తగా మాడ్రిడ్ వారతనిని కొంతకాలము వెలిపెట్టిరి. 2010 ప్రపంచకప్పులో శిక్షకుని దూషించెనను అభియోగముపై ఇంటికి పంపివేయబడెను. పిదప 18 పోటీల నిషేధము. శిక్షకు డెంత అసమర్థుడైనను జట్టు నట్టేట నున్నప్పుడు చేయదగిన పని కాదది. ఇందు నాకు సందేహము లేదు.

అయితే ఊరు మారుట వేరు, ఓర్పు లేకుండుట వేరు. మాడ్రిడ్‌లో శిక్ష ముగిసిన పిదప బేయర్న్ మ్యూనిక్‌తో జరిగిన సెమీఫైనలు రెండు ఆటలయందును గోలు చేసినవాడు ఇతడే. చెల్సీలో నాలుగేండ్లు కుదురుగ నుండి, 2008-09లో 19 గోళ్లతో ఇంగ్లండు లీగులో అందరికంటె ముందు నిలిచెను. నిలకడ లేనివాడు పదేండ్ల పిమ్మట ఆ పని చేయగలడా? మన బడులలోను ఇట్టి బాలురుందురు. లెక్క అందరికంటె ముందు చేసి, కిటికీవైపు చూచుచుందురు. 'నడవడి' గడిలో మన మొకమాట వ్రాసి సరిపెట్టుకొందుము. ఏండ్లు గడచినను వానిని ఆ మాటతోనే గుర్తుంచుకొందుము. ఉపాధ్యాయులకు నచ్చకున్నను ఈ మాట చెప్పక తప్పదు.

ఇంకొక లెక్క కలదు. ఆటగాడు పోయినచో ద్రోహమందురు. జట్టు అమ్మినచో వ్యాపారమందురు. 5 లక్షలకు తెచ్చిన బాలుని రెండున్నరయేండ్లలో నలువది రెట్లకు మించి అమ్ముకొన్నవారిని ఏ అభిమానియు నిందింపలేదు. ఆ సొమ్ములో కొంత హెన్రీకి పోయెను. మరికొంతతో లండన్ కోల్నీయందు క్రొత్త అభ్యాసమైదానము సిద్ధమయ్యెను. ఆర్సెనల్ ఆటగాండ్రు నేటికిని ఉదయమున పరుగెత్తునది ఆ పచ్చికపైననే.