ఐ.పి. పెట్టినవాడు

అప్పుల్లో మునిగిన మనిషి చేతులెత్తేస్తే తెలుగునాట 'ఐ.పి. పెట్టాడు' అంటారు. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్న కోర్టు మాటకు అది పొట్టి రూపం. మాట ఊరి అరుగుల దాకా వచ్చింది గాని దాని వెనకనున్న భావం రాలేదు. జనానికి అందులో వినబడేది ఎగవేత ఒక్కటే. అందుకు కారణం లేకపోలేదు. చిన్న పట్నంలో ఎవరైనా ఐ.పి. పెడితే ముందుగా మునిగేది బ్యాంకులు కావు. చీటీ డబ్బో, కూతురి పెళ్లికని దాచిన సొమ్మో నమ్మి అతని చేతిలో పెట్టిన ఇరుగుపొరుగు. వారి శాపనార్థాలను అజ్ఞానమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

అయినా ఇటువంటి చట్టం ఎందుకు ఉండాలో తెలియాలంటే చార్లెస్ డికెన్స్ 'లిటిల్ డోరిట్' చదవాలి. 1824లో డికెన్స్ తండ్రిని, బాకీ తీర్చలేదని, లండన్‌లోని మార్షల్సీ జైలులో పెట్టారు. పన్నెండేళ్ల కొడుకు బూటు పాలిష్ సీసాలకు కాగితాలంటించే పనిలో ఉన్నాడు. బాకీ తీరితేగాని బయటికి రానివ్వరు, లోపలున్నవాడు సంపాదించలేడు. అప్పిచ్చినవాడికి కక్ష తీరడమే తప్ప పైసా రాదు. కొన్ని నెలలకు ఆ తండ్రి బయటపడింది ఆనాటి ఋణగ్రస్తుల చట్టం ఆసరాతోనే. ముప్పై ఏళ్ల తరువాత రాసిన నవలలో విలియం డోరిట్ అదే జైలులో ఇరవై ఏళ్లకు పైగా మగ్గుతాడు. 'మార్షల్సీ పితామహుడు' అని పిలిపించుకోవడం అతనికి గర్వం. విడుదలై పోయేవాళ్లు చేతిలో పెట్టే చిల్లర అతని లెక్కలో గౌరవ కానుక. అనుకోని ఆస్తి కలిసివచ్చి బయటపడ్డాక, రోమ్‌లో ఒక ఘనమైన విందులో మతి చెదిరి, అతిథులకు మార్షల్సీలోకి స్వాగతం పలుకుతాడు. జైలు తలుపు తెరుచుకున్నా ఋణం మనిషిని వదలదనడానికి ఇంత నిర్దాక్షిణ్యమైన ఘట్టం మరొకటి దొరకడం కష్టం.

మార్క్ ట్వైన్ దారి వేరు. 1894లో అతని ప్రచురణ సంస్థ దివాలా తీసింది. చట్టం పట్టుబట్టని బాకీలను సైతం, దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చి తీర్చాడు. 1896లో భారతదేశానికీ వచ్చాడు. తెలుగు పాఠకుడికి వెంటనే హరిశ్చంద్రుడూ, వెంటపడే నక్షత్రకుడూ గుర్తుకొస్తారు. (హరిశ్చంద్రుడు ఆలిని అమ్ముకున్నాడు, ట్వైన్ ముందుజాగ్రత్తగా తన కాపీరైట్లను ఆలి పేర రాయించాడు.) ఆ కథలను ఆదర్శంగా చెప్పేవారు ఒకటి మరుస్తారు: ట్వైన్‌కు కలం ఉంది, కీర్తి ఉంది. ఆస్పత్రి బిల్లుతో కుదేలైన మనిషికి అవి లేవు.

నిజాయితీ ఉండి అదృష్టం లేని ఋణగ్రస్తుడికి కొత్త జీవితం దక్కాలని అమెరికా సుప్రీంకోర్టు 1934లోనే చెప్పింది. అదే దేశం నేడు చదువు అప్పును మాత్రం, అసాధారణమైన కష్టం రుజువు చేస్తే తప్ప, రద్దు చేయదు. విలాసాలకు వాడిన క్రెడిట్ కార్డు బాకీ పోవచ్చు. నర్సు చదువుకు చేసిన అప్పు అంత సులువుగా పోదు. ఇందులో ఏ నీతీ కనబడదు.

భారతదేశపు 2016 దివాలా చట్టంలో పేదవాడి కోసం ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60,000 రూపాయలకు, ఆస్తి 20,000కు, అప్పు 35,000కు మించనివాడు విముక్తి కోరవచ్చు. ఆ అంకెలే ఎంత పిసినారివో వేరే చెప్పాలా? ఆ అధ్యాయాన్నీ ఇంకా అమల్లోకి తేలేదు. కంపెనీలు కొత్త చట్టం కింద పరిష్కారాలు వెతుక్కుంటున్నాయి. కౌలు రైతుకూ, కిరాణా కొట్టువాడికీ ఇప్పటికీ ఉన్నది 1920 నాటి చట్టం, ఆ పాత ఐ.పి.